తమ్ముడి కారు వెనక బోల్టులు

పానాక్క తన సొంత తమ్ముణ్ణి చంపాలని, అతని కారు వెనక చక్రాల బోల్టులు ఊడదీసి పంపించిందని మా వీధిలో చెప్పుకుంటున్నారు. బేకరీ దగ్గర వదులు చేసిందన్నారు. మందుల షాపు దాకా వెళ్ళేసరికి ఊడదీసిందన్నారు. మంగలి దుకాణం దాటేసరికి ఆమె చేతికి రంపం కూడా వచ్చింది. "రంపంతో ఇరుసు సగానికి కోసిందట పెద్దమ్మా, నీకు తెలీదా?" అని ఒకావిడ నన్నే అడిగింది. పానాక్క కార్లు బాగుచేసే షెడ్డుకూ మా ఇంటికీ మధ్య ఉన్నది ఒక్క గోడ. ఆ గోడకు నా వంటింటి కిటికీ ఉంది. అక్కడ పానా కింద పడితే చిన్నదో పెద్దదో చప్పుణ్ణి బట్టి చెప్పగలను. నాకు తెలియకుండా అక్కడ రంపం ఆడిందా!

ఉన్న మాట ఇది. ఊడదీసిందన్నది పచ్చి అబద్ధం. బిగించలేదన్నది నిజం. రెండూ ఒకటేగా అని మూతి తిప్పేవాళ్ళ కోసమే కూర్చుని రాస్తున్నాను. నోటితో చెప్తే నా మాటకూ తోక మొలిపిస్తారు. నేను చదివింది ఐదో తరగతి, అక్షరాలు కాస్త వంకర, చూపు మాత్రం తిన్నన. ఈ పుకారు ఇలాగే నిలబడిపోతే పానాక్క షెడ్డులోకి ఇంకో కారు రాదు. ఆ పని తప్ప ఆమెకు మరోటి రాదు, ఆ షెడ్డు తప్ప మరో దిక్కు లేదు. రాస్తానని ఆమెకూ చెప్పాను.

"రాసుకో పెద్దమ్మా. ఉన్నది ఉన్నట్టు రాయి. నన్ను మంచిదాన్ని చేశావంటే మాత్రం నీ కిటికీకి ఇటుకలు కట్టిస్తాను" అంది.

కన్నవాళ్ళు పెట్టిన పేరేదో ఆమెకూ ఉంది. చిన్నప్పటినుంచీ చేతిలో పానా లేకుండా ఎవరూ చూడలేదు కాబట్టి పానాక్క అయింది. నాకంటే చాలా చిన్నదే అయినా నేనూ పానాక్కనే అంటాను. తండ్రి మెకానిక్కు. కూతురికి పని నేర్పాడు, కొడుక్కి కారు నడపడం నేర్పాడు. అక్కడే ఆయన పప్పులో కాలేశాడని నా అభిప్రాయం. ఒకరు లేకపోతే రెండోవారికి గడవదు, ఒకరి మొహం ఒకరికి గిట్టదు.

పానాక్క అన్ని కార్లూ ముట్టుకోదు. ఊరి చివర ట్రాక్ మీద ఆదివారాలు పందేలు వేసుకునే వాళ్ళ కార్లే ఆమె దగ్గరికి వస్తాయి. నేలను కరుచుకుని, రెండే తలుపులతో, ఎక్కితే మోకాళ్ళు గడ్డానికి తగిలే కార్లు. అందులోనూ ఆమెది వెనక చక్రాల పని. కంపెనీ వాళ్ళు వెనక భాగాన్ని మెత్తగా కడతారు, గుంతలో పడ్డా లోపలివాళ్ళ నడుం కదలకూడదని. ట్రాక్ మీద ఆ మెత్తదనమే కొంప ముంచుతుంది. వేగంగా మలుపు తిరిగితే కారు పడవలా ఒరుగుతుంది, వెనక చక్రం పక్కచూపులు చూస్తుంది. అందుకని పానాక్క ఆ చక్రాన్ని కారు ఒంటికి పట్టి ఉంచే పాత ఆర్ములు తీసేసి బలమైనవి వేస్తుంది. వాటి చివర్లలో మెత్తటి రబ్బరు బుష్షులు తీసి గట్టి రబ్బరువి ఎక్కిస్తుంది. స్ప్రింగులూ షాకబ్జార్బర్లూ మారుస్తుంది.

ఇక్కడొక పద్ధతి ఉంది, అది తెలియకపోతే ఈ గొడవ అర్థం కాదు. కారును పైకి లేపితే చక్రాలు కిందికి వేలాడతాయి. అప్పుడే ఆర్ముల బోల్టులు బిగించేస్తే, కారు దిగి బరువు పడగానే రబ్బరు బుష్షులు మెలిపడతాయి. పిండిన తడిబట్టలా అలాగే బిర్రబిగుసుకుని ఉండి, కొన్నాళ్ళకు చిరుగుతాయి. కారు ఒకపక్కకు లాగుతుంది. అందుకని ముందు బోల్టులు ఉత్త చేత్తో తిప్పి వదిలెయ్యాలి. కారు దించి, నడిపే మనిషిని సీట్లో కూర్చోబెట్టి, ఆ బరువుకు కారు సర్దుకున్నాక అప్పుడు పానా వెయ్యాలి. "మనిషి కూర్చున్నాకే బిగింపు" అనేవాడు వాళ్ళ నాన్న. బిగింపు అయిన ప్రతి బోల్టు మీదా పానాక్క ఎర్ర గోళ్ళరంగుతో గీత గీస్తుంది. బోల్టు కదిలితే గీత విరిగి తెలిసిపోతుంది. ఆమె జన్మలో గోళ్ళరంగు కొన్నది బోల్టుల కోసమే. గీతలు పడ్డాక కారుని తోసుకెళ్ళి షెడ్డు ముందు సిమెంటు గచ్చు మీద నిలబెడుతుంది. గచ్చు మీద కారుందంటే పని అయిపోయినట్టని వీధిలో పసిపిల్లలక్కూడా తెలుసు.

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. పానాక్కకు ఊరుతో పనిలేదు. "కాస్త తొందరగా అవుతుందా మేడం?" అని ఒక కుర్రాడు అడిగితే, "తొందరగా పోవాలనుకునేవాళ్ళకు పక్క వీధిలో ఇంకో షెడ్డుంది, అక్కడికి పో" అంది. పెళ్ళెందుకు చేసుకోలేదని నేనొకసారి అడిగాను. ఒకసారేమిటి, అడుగుతూనే ఉండేదాన్ని. చివరికి విసుగెత్తి, "నా పెళ్ళి ఊసెత్తింది ఈ లోకంలో నువ్వొక్కదానివే. నిన్నే చేసుకుందామంటే నీకు మనవలున్నారు" అంది.

తమ్ముడితో పగ ట్రాక్ దగ్గర మొదలైంది. నేను అక్కడ లేను, కానీ పళ్ళ డాక్టరు ఉన్నాడు. ఆదివారం పందేలవాళ్ళకు పెద్దదిక్కు ఆయన, ఆయన ఎటంటే మిగతావాళ్ళు అటు. ఆ రోజు తమ్ముడు అందరికంటే వెనకబడి వచ్చాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, కారు దిగుతూనే పదిమందిలో, "ఎంతైనా ఆడచెయ్యి. బిగుతు చాల్లేదు" అన్నాడట. పానాక్క అక్కడే ఉంది.

"ఒరేయ్, నువ్వు పుట్టినప్పుడు నీ బొడ్డు సరిగా ముడెయ్యలేదు. బుర్రలోకి ఎక్కాల్సిందంతా అందులోంచి కారిపోయింది" అంది.

"నీ షెడ్డు గడప తొక్కితే నన్ను చెప్పుచ్చుకు కొట్టు!"

"చెప్పు పాడైపోతుంది."

అంతే. ఆ రోజు నుంచి అక్కా తమ్ముళ్ళకు మాటల్లేవు. మాటల్లేవంటే మాట్లాడుకోరని కాదు. మధ్యలో నేను ఉండాలి. కారు పని మాత్రం ఆమె దగ్గరే చేయించుకునేవాడు, వేరేవాడి చేతికి ఇచ్చే ధైర్యం లేదు. ఆమె కూడా కాదనేది కాదు. "తప్పు వాడిది, కారు నన్నేం అంది?" అనేది. కారుని షెడ్డు గేటు దగ్గర వదిలి అతను రోడ్డు మీద నిలబడేవాడు, ఆమె షెడ్డు లోపల ఉండేది, నేను మా గేటు దగ్గర.

"పెద్దమ్మా, ఆ రోడ్డు మీద నిలబడ్డ మనిషికి చెప్పు, మలుపులో బ్రేకు తొక్కే కాలికి కూడా కొత్త బుష్షు వేయించుకోమని."

"పెద్దమ్మా, ఆ కారు కింద దూరిన మనిషికి చెప్పు, నోట్లో కాస్త గ్రీజు పోసుకోమని."

ఇద్దరికీ అన్నీ వినబడుతూనే ఉండేవి. అయినా నేను అటు తిరిగి "విన్నావుగా?" అంటే తప్ప విన్నట్టు లెక్క కాదు. అప్పటిదాకా అవతలివాళ్ళు గోడకేసి చూస్తూ నిలబడేవాళ్ళు. నవ్వకండి. మీ ఇళ్ళలో ఒకే కంచం ముందు కూర్చుని "మీ నాన్నకు చెప్పు, మీ అమ్మకు చెప్పు" అని పిల్లల చేత మాటలు మోయించేవాళ్ళు ఎంతమంది ఉన్నారో నాకు తెలుసు. కావాలంటే ఇళ్ళ గుర్తులతో సహా చెప్తాను.

ఈసారి తమ్ముడు వెనక భాగం మొత్తం మార్పించాలనుకున్నాడు. కొత్త ఆర్ములు, గట్టి బుష్షులు, స్ప్రింగులు అన్నీ తెచ్చి గచ్చు మీద పడేసి వెళ్ళాడు. పానాక్క అన్నీ ఎక్కించింది, బోల్టులు చేత్తో తిప్పింది. ఇక మనిషి కూర్చోవాలి.

"చెప్పు పెద్దమ్మా, వచ్చి కూర్చుంటే గానీ బిగించనని."

"ఇసక మూట పెట్టుకోమను. పళ్ళ డాక్టరు ఊళ్ళో లేనప్పుడు ఆయన సీట్లో మూటేగా పెట్టింది!"

"పళ్ళ డాక్టరు మర్యాదస్తుడు. ఆయన మూటక్కూడా మర్యాద ఉంటుంది. ఇక్కడ మూట కుదరదు. మనిషే రావాలి."

"గడప తొక్కనని చెప్పానని చెప్పు."

"అయితే కారు ఇక్కడే కుళ్ళుతుందని చెప్పు."

నేను "విన్నావుగా" అని అటూ ఇటూ తిరగలేక మెడ పట్టేసింది. "మూట పెడితే నీ సొమ్మేం పోయిందే?" అని లోపలికి వెళ్ళి గట్టిగానే అడిగాను. "ఆడచేతి బిగుతు ఎంతో వాడు సీట్లో కూర్చుని వినాలి" అంది. నిజానికి మూట చాలు. ఆ సంగతి ఆమెకూ తెలుసు. ఇది మాత్రం పానాక్క తప్పు, నేను దాచను. ఆమె ఎడ్డెమంటే అతను తెడ్డెం, మధ్యలో కారు పైకి లేచి అలాగే ఉండిపోయింది.

పందెం దగ్గరపడింది. ఆ ముందురోజు పొద్దున్నే మా చెల్లెలికి జ్వరమని కబురొస్తే నేను బయల్దేరి వెళ్ళాను. నాకు సెల్‌ఫోను లేదు. ఉంటే కళ్ళకూ చెవులకూ పని తగ్గిపోతుందని కొనుక్కోలేదు. చెల్లెలి జ్వరం దిగేదాకా అక్కడే ఉండి తిరిగొచ్చేసరికి ఇక్కడ అంతా అయిపోయింది.

జరిగిందేమిటంటే, నేను వెళ్ళిన రోజే తమ్ముడు జీపుకు ట్రైలరు తగిలించుకుని వచ్చాడు. కారు గచ్చు మీద ఉంది. సరే, అక్క దిగొచ్చి మూటతోనే కానిచ్చేసిందనుకున్నాడు. ట్రైలరు మీదికి లాక్కుని తీసుకుపోయాడు. మర్నాడు ట్రాక్ మీద మొదటి మలుపులోనే కారు వెనక భాగం పక్కకు కొట్టుకుపోయింది. బొంగరంలా తిరిగి పాత టైర్ల గోడను గుద్దుకుంది. అతని భుజం దగ్గర ఎముక విరిగింది. కారు వెనక భాగం చూసినవాళ్ళు, బోల్టులకు బిగింపే లేదన్నారు. ఆసుపత్రి మంచం మీద నుంచే అతను, "మా అక్కే నన్ను చంపబోయింది" అన్నాడు.

నేను ఆటో దిగేసరికి పానాక్క మరదలు, అంటే ఆ తమ్ముడి భార్య, షెడ్డు ముందు నిలబడి వీధి మారుమోగేలా అరుస్తోంది. "తోడబుట్టినవాడి రక్తం కళ్ళచూస్తే గానీ నీ కడుపు చల్లబడదా? బోల్టులు ఊడదీసి పంపిస్తావా? నీ చేతులు పడిపోనూ!" పానాక్క లోపల ఒక చక్రం తుడుస్తూ కూర్చుంది. నోరు తెరిస్తే వీధి హడలిపోయే మనిషి, ఆ రోజు కిక్కురుమనలేదు. దాంతో జనం తీర్పు చెప్పేశారు. తప్పు లేకపోతే ఊరుకుంటుందా అన్నారు. అదే పానాక్క ఎదురు తిరిగి తిట్టి ఉంటే, తప్పు చేసి ఎంత పొగరో అనేవాళ్ళు. మన వీధి సంగతి నాకు తెలియదా?

కార్లవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి తమ కార్లు తీసుకుపోయారు. సగం పనిలో ఉన్నవి కూడా. ఒక్క పళ్ళ డాక్టరు కారు మిగిలింది.

నాకు నిద్ర పట్టలేదంటే నమ్మండి. నేను తమ్ముడి ఇంటికి వెళ్ళాను. పరామర్శకనే వెళ్ళాను, కానీ ముందు పెరట్లో ఉన్న కారు దగ్గరికి నడిచాను. మోకాళ్ళు మొర్రో అంటున్నా కిందికి వంగి, తల దూర్చి చూశాను. చక్రం ఒక పక్కకు తిరిగిపోయి ఉంది. కొత్త ఆర్ములు మెరుస్తున్నాయి. బోల్టుల మీద ఎక్కడా ఎరుపు చుక్క లేదు. లోపలికి వెళ్ళేసరికి తమ్ముడు చెయ్యి మెడకు వేలాడదీసుకుని పడుకున్నాడు, మరదలు పక్కన నిలబడి నన్ను కాల్చేసేలా చూస్తోంది.

"ఏమ్మా, ఆవిడ పంపించిందా నిన్ను? బతికున్నాడో లేదో చూసి రమ్మందా?" అంది.

"నన్నొకరు పంపాలా? నా కాళ్ళకు నేనే యజమానిని" అన్నాను. "ఏరా, కారు తీసుకెళ్ళేటప్పుడు బోల్టుల మీద గోళ్ళరంగు ఉందా లేదా చూశావా?"

"అది చూసుకోవాల్సింది ఆవిడ."

"నువ్వు పుట్టి పెరిగింది ఆ షెడ్డులోనే గదరా. గీత లేని బోల్టు బిగించనట్టేనని నీకు తెలీదా?"

"గచ్చు మీద పెట్టిందిగా! గచ్చు మీద పెడితే అయిపోయినట్టేగా!" అని లేవబోయి నొప్పికి మూలిగాడు. "పైగా పానాలన్నీ గుడ్డ మీద పరిచి, పక్కనే స్టూలేసి, ఆ రంగు సీసా కూడా మూత తీసి పెట్టింది. నన్ను వెక్కిరించడానికి కాకపోతే ఎందుకంట? నేను గుడ్డ కాలితో పక్కకు నెట్టి కారు లాక్కున్నాను."

"పని అయిపోయిన కారు పక్కన పానాలు ఎవరైనా పరుస్తారా? రంగు సీసా మూత తీసి ఎవరైనా పెడతారా?" అన్నాను. "గడప తొక్కనన్నావు. సరే, తొక్కొద్దని కారునే గడప బయటికి తోసింది. నువ్వు బయటే కూర్చుంటే అక్కడే బిగిద్దామని. నీ కోసం దిగొచ్చింది రా మొద్దూ!"

అతను గోడవైపు తిరిగి, "దిగొచ్చిందాన్ని పిలవొచ్చుగా" అన్నాడు.

మరదలు నాకు మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు. అది కూడా రాస్తున్నాను.

తిరిగి వచ్చేసరికి షెడ్డు గేటు దగ్గర పళ్ళ డాక్టరు ఉన్నాడు, కారు తీసుకుపోవడానికి వచ్చాడు. కొంగు దోపి అడ్డం నిలబడ్డాను. గీతల సంగతి, గుడ్డ సంగతి, సీసా సంగతి అంతా చెప్పాను. ఆయన నిదానం మనిషి. నోట్లో వేలు పెట్టకముందే అరిచేవాళ్ళకు పళ్ళు పీకి పీకి ఆయనకు ఓపిక అలవాటు. అంతా విని తలూపాడు.

"బోల్టులు బిగించకుండా ఉంచడం పని పద్ధతే, ఒప్పుకుంటానమ్మా. పెద్దవాళ్ళు మీరు, మీతో వాదించను. కానీ ఒక్కటి తేల్చండి. అతను కారు తీసుకుపోతుంటే ఆవిడ చూసిందా లేదా? చూడకపోతే అది ఖర్మ. నా కారు ఇక్కడే ఉంటుంది, మిగతావాళ్ళకు కూడా నేను చెప్తాను. చూసి ఊరుకుంటే మాత్రం, రేపు నేను ఏ నమ్మకంతో ఆ సీట్లో కూర్చోను?"

నేనూ ఆ లెక్క వేసుకుంటూనే ఉన్నాను. నేలను కరుచుకునే కారు ట్రైలరు మీదికి ఊరికే ఎక్కదు. ముందు పలకలు వెయ్యాలి, ఇనప తాడు తగిలించాలి, గిలకను చేత్తో తిప్పుతూ జానెడు జానెడు లాగాలి. ఆ గిలక కీచుమంటే మూడిళ్ళ అవతల కుక్క లేచి మొరుగుతుంది. కడవెడు నీళ్ళు కాగేంత సేపు పట్టే పని అది. షెడ్డు తలుపు ఎప్పుడూ బార్లా తెరిచే ఉంటుంది. లోపలున్న మనిషికి వినబడలేదంటే, ఆ మనిషి చెవిటిదైనా కావాలి, ఇంట్లో లేకనైనా పోవాలి. పానాక్క రెండూ కాదు.

డాక్టరుని గేటు దగ్గరే ఉండమని లోపలికి వెళ్ళాను. ఆమె రంపపు పొట్టుతో చేతుల మడ్డి రుద్దుకుంటోంది. డాక్టరుని చూసింది. ఎందుకొచ్చాడో ఆమెకు చెప్పక్కర్లేదు. ఒక్క అబద్ధం ఆడితే చాలు, వెనకాల టీ పెట్టుకుంటున్నాను, వినబడలేదు అంటే చాలు, అడిగినవాళ్ళం ఇద్దరమూ నమ్మేవాళ్ళమే. నమ్మడానికే నిలబడి ఉన్నాం.

"ఏమే, తిన్నగా అడుగుతున్నాను, తిన్నగా చెప్పు. వాడు కారు తీసుకెళ్తుంటే నువ్వు చూశావా?"

చేతులు రుద్దడం ఆపలేదు. గొంతు తగ్గించలేదు, గేటు దాకా వినబడేలాగే చెప్పింది.

"చూశాను. పలకలు వేసినప్పటినుంచీ ఇక్కడే నిలబడి చూశాను. బిగించలేదురా అని చెప్పించడానికి ఆ రోజు నువ్వు ఇంట్లో లేవు."